నట్టు వదులు చేసి చూడటం: ఒక మంచి పరీక్ష ఆచారంగా మారిన చరిత్ర

మూఢనమ్మకం అనగానే మనకు వెంటనే గుర్తొచ్చేవి బాబాలు, తాయెత్తులు, వాస్తు, కారు ముందు వేలాడదీసిన నిమ్మకాయా మిరపకాయలూ. వీటి గురించి మనం చాలానే రాసుకున్నాం, ఇంకా రాసుకోవాల్సిందే. కానీ దేవుడితో, దెయ్యంతో ఏ సంబంధమూ లేని మూఢనమ్మకాలు కూడా ఉంటాయి. నాకు వాటి చరిత్ర మరీ ఆసక్తికరంగా అనిపిస్తుంది. ఎందుకంటే పుట్టినప్పుడు అవి మూఢనమ్మకాలు కావు. అవి నికార్సైన పరీక్షలు, ఆలోచించగలిగినవాళ్లు కనిపెట్టినవి. కాలం గడిచేకొద్దీ వాటి వెనకున్న కారణం జారిపోతుంది, చేసే పని మాత్రం మిగులుతుంది. అప్పుడది ఆచారం.

అలాంటిదొకటి డీజిల్ షెడ్లలో ఉంది. ఇంజను సరిగ్గా ఆడకపోతే స్పానర్ తీసుకుని, డీజిల్ పంపు నుంచి నాజిల్‌కు వెళ్లే ఇనప పైపు నట్టు కాస్త వదులు చేసి చూడటం. నేను జంషెడ్‌పూర్‌లో ఉంటాను కాబట్టి ఈ ఊరి చరిత్రతో కలిపే ఆ కథ చెబుతాను. డీజిల్ ఇంజన్ల విషయంలో దేశంలో ఇంతకంటే తగిన ఊరు దొరకడం కష్టం.

ముందు ఆ పరీక్ష ఎందుకు పుట్టిందో తెలియాలంటే, డీజిల్ ఇంజనుకు ఒత్తిడి ఎందుకు ప్రాణమో చూడాలి.

పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ ఉంటుంది. డీజిల్ ఇంజనులో ఉండదు. గాలిని సిలిండరులో విపరీతంగా నొక్కితే అది వేడెక్కుతుంది, ఆ వేడిగాలిలోకి ఇంధనాన్ని చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ ఆలోచన ఇంతే. 1893లో ఆయనకు పేటెంటు వచ్చింది. ఆ ఏడాది ఆగస్టులో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో మొదటి ప్రయోగం చేసినప్పుడు, సిలిండరులో ఒత్తిడి కొలవడానికి బిగించిన సాధనమే పేలిపోయింది. డీజిల్ చరిత్ర మొదలైందే ఒత్తిడిని కొలవబోయి కొలమానాన్ని పగలగొట్టుకోవడంతో అన్నమాట! ఆయన మాత్రం దాన్ని శకునంగా తీసుకోలేదు. అంత ఒత్తిడి నిజంగా పుడుతుందనడానికి రుజువుగా తీసుకున్నాడు. 1894 ఫిబ్రవరిలో ఇంజను ఒక నిమిషంపాటు తనంతట తాను తిరిగింది. 1897లో మోరిట్జ్ ష్రోటర్ అనే ప్రొఫెసర్ ఆ ఇంజనును స్వతంత్రంగా పరీక్షించి, ఇంధనంలోని శక్తిలో 26 శాతానికి పైగా పనిగా మారుతోందని తేల్చాడు. అప్పటి ఆవిరి యంత్రాలు దాని దరిదాపుల్లో లేవు. కనిపెట్టినవాడి మాట కాకుండా బయటివాడి కొలత మీద నమ్మకం నిలబడటం మనలాంటివాళ్లం గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి.

ఇంతకీ చిక్కెక్కడ వచ్చిందంటే, ఇంధనాన్ని లోపలికి పంపడంలో. సిలిండరులో అప్పటికే వాతావరణ పీడనానికి ముప్పై రెట్లకు పైగా ఒత్తిడి ఉంటుంది. దానికి ఎదురొడ్డి ఇంధనాన్ని చిమ్మాలి, అదీ మంచులా సన్నటి తుంపరగా. డీజిల్ దీనికి అంతకంటే ఎక్కువ ఒత్తిడిలో ఉన్న గాలిని వాడాడు. అందుకు ఇంజను పక్కన పెద్ద కంప్రెసర్ ఉండాలి. ఓడకైతే ఫరవాలేదు, ఫ్యాక్టరీకైతే ఫరవాలేదు, లారీకి కుదరదు. రాబర్ట్ బాష్ 1922లో డీజిల్ ఇంజెక్షన్ పంపు తయారుచేయాలని నిర్ణయించి, 1927లో దాన్ని పెద్దఎత్తున ఉత్పత్తికి తెచ్చాక ఈ చిక్కు తీరింది. ఆ పంపులో సిలిండరుకొక ప్లంజరు, ప్లంజరుకొక ఇనప పైపు, పైపు చివర ఒక నాజిల్. 1936లో మెర్సిడెస్ 260 డి అనే డీజిల్ కారు ఇలాంటి పంపుతోనే మార్కెట్లోకి వచ్చింది.

ఇప్పుడు మా ఊరికొద్దాం. 1907లో టాటా ఉక్కు కంపెనీ ఏర్పడింది, 1912లో సాక్చీలో తొలి ఉక్కు పోత పోశారు, 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఈ ఊరికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టాడు. ఆ ఉక్కు పనికోసమే శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మనవాళ్లు కూడా వచ్చి స్థిరపడ్డారు. కదమా, బిష్టుపూర్ వైపు నడుస్తుంటే ఇప్పటికీ తెలుగు చెవిన పడుతుంది. 1945లో ఇక్కడే టెల్కో మొదలైంది, ముందు ఆవిరి రైలింజన్లకోసం. 1954లో టెల్కో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో ఒప్పందం చేసుకుని డీజిల్ లారీల తయారీకి దిగింది. పదిహేనేళ్లపాటు, 1969 దాకా ఆ ఒప్పందం నడిచింది. ముక్కు మీద మూడు కొమ్మల నక్షత్రంతో తిరిగిన 'టాటా మెర్సిడెస్ బెంజ్' లారీలు ఆ రోజులవే. అంతకు మూడేళ్ల ముందే, 1951లో బెంగళూరులో మైకో కంపెనీ ఏర్పడింది. బాష్ పంపులూ నాజిళ్లూ మన దేశంలో తయారైంది అక్కడ. పాత మెకానిక్కులకు 'మైకో పంపు' అన్నది కంపెనీ పేరు కాదు, వస్తువు పేరే!

అలా 1954 తర్వాత ఈ ఊరి చుట్టుపక్కల షెడ్లలో ఒక తరం డీజిల్ మిస్త్రీలు తయారయ్యారు. (ఇక్కడ మెకానిక్‌ను మిస్త్రీ అంటారు, గురువును ఉస్తాద్ అంటారు.) చాలామందికి చదువు అంతంతమాత్రం, చేతిలో కొలత సాధనాలు లేవు. ప్రెషర్ గేజీ ఉండేది పెద్ద వర్క్‌షాపుల్లోనే. అయినా లారీ 'మిస్' కొడుతోందని వస్తే, నాలుగో ఆరో సిలిండర్లలో ఏది పని చేయడం లేదో ఐదు నిమిషాల్లో చెప్పేసేవారు. ఎలా?

ఇంజను నడుస్తుండగా మొదటి సిలిండరు పైపు నట్టు కాస్త వదులు చేస్తారు. డీజిల్ అక్కడే కారిపోతుంది. నాజిల్ తెరుచుకోవాలంటే దాదాపు 200 బార్ ఒత్తిడి కావాలి (ఒక బార్ అంటే సుమారుగా ఒక వాతావరణ పీడనం). నట్టు దగ్గర కారిపోతే ఆ ఒత్తిడి రాదు, నాజిల్ తెరుచుకోదు, ఆ సిలిండరు ఆగిపోతుంది. ఇంజను శబ్దం మారి, కుంటినట్టు ఆడిందా... అంటే అప్పటిదాకా ఆ సిలిండరు బాగానే పనిచేస్తోందన్నమాట. నట్టు బిగించి రెండోదానికి వెళ్తారు. ఏ నట్టు వదులు చేసినా శబ్దంలో తేడా రాలేదో, ఆ సిలిండరు అంతకుముందే చచ్చిందన్నమాట. జబ్బు అక్కడుంది.

ఇందులో ఎంత తర్కముందో గమనించండి. ఒక్కసారికి ఒక్కదాన్నే మారుస్తున్నాడు, మిగతావన్నీ యథాతథంగా ఉంచుతున్నాడు. ఫలితం ఫలానాలా వస్తే ఒక అర్థం, రాకపోతే ఇంకో అర్థం అని ముందే తెలుసు. జాన్ స్టూవర్ట్ మిల్ 1843లో తన తర్కశాస్త్ర గ్రంథంలో 'భేద పద్ధతి' అని వివరించింది సరిగ్గా ఇదే. మిల్ పేరు వినని మిస్త్రీ సాక్చీలో లారీ కింద మసిచేతులతో ఆ పద్ధతి నడిపాడు. హేతువాదం పుస్తకాల్లోనే ఉంటుందనుకునేవాళ్లకు నేనెప్పుడూ ఈ ఉదాహరణే చెబుతుంటాను.

అపాయం లేదా అంటే, ఈ పద్ధతిలో పెద్దగా లేదు. నట్టు వదులైన మరుక్షణం ఆ ఒక్క పైపులో ఒత్తిడి పడిపోతుంది, డీజిల్ కారుతుందే తప్ప చిమ్మదు. కానీ నాజిల్‌ను బయటకు తీసి పరీక్షించేటప్పుడు చెయ్యి అడ్డుపెడితే మాత్రం అపాయం ఆ రోజుల్లోనూ ఉంది. 1937లోనే రీస్ అనే వైద్యుడు, డీజిల్ ఇంజను నుంచి చిమ్మిన ఇంధనం చర్మంలోంచి లోపలికి చొచ్చుకుపోయిన సంగతి అమెరికన్ వైద్య సంఘం పత్రికలో నమోదు చేశాడు. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్లీ అవసరం పడుతుంది.

సరే, ఆ తర్వాత ఇంజను మారింది.

పాత పద్ధతిలో ఒత్తిడిని పుట్టించడమూ, ఎప్పుడు చిమ్మాలో నిర్ణయించడమూ రెండూ పంపు పనే. ఇంజను నెమ్మదిగా తిరిగితే పంపూ నెమ్మదే, ఒత్తిడీ తక్కువే. ఈ రెండు పనుల్ని విడదీస్తే? పంపు ఒత్తిడిని పుట్టించి ఒక ఉమ్మడి గొట్టంలో నిల్వ చేస్తుంది, అక్కడి నుంచి ఎవరి వంతు వచ్చినప్పుడు వాళ్లు తీసుకుంటారు. ఇదే కామన్ రైల్. ఆలోచన కొత్తది కాదు, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలోనే విక్కర్స్ కంపెనీ జలాంతర్గాముల ఇంజన్లలో ఇలాంటి ఏర్పాటు వాడింది. కానీ సెకనులో వెయ్యో వంతుల్లో తెరుచుకుని మూసుకునే వాల్వూ, దాన్ని నడిపే కంప్యూటరూ లేనిదే కార్లలోకి రాలేకపోయింది. 1960లలో స్విట్జర్లాండులో రాబర్ట్ హ్యూబర్ నమూనా తయారుచేశాడు. 1995లో జపాన్‌కు చెందిన డెన్సో దీన్ని లారీల్లోకి తెచ్చింది. ఇటలీలో ఫియట్ వాళ్లు సాగించిన పరిశోధనను బాష్ తీసుకుని ఉత్పత్తి దాకా నడిపింది. 1997లో ఆల్ఫా రోమియో 156 కారు 1350 బార్ ఒత్తిడితో ఈ పద్ధతిలో వచ్చింది. మన దేశంలో 2002లో హ్యుందాయ్ యాక్సెంట్ సీఆర్‌డీఐ, 2005లో టాటా సఫారీ డైకార్ వచ్చాయి. తర్వాత కొద్ది ఏళ్లలోనే డీజిల్ కారంటే కామన్ రైల్ అనే పరిస్థితి వచ్చింది. ఒత్తిడి 1600, 1800 దాటి 2000 బార్ పైకి కూడా వెళ్లింది.

ఇప్పుడు అదే స్పానర్ తీసుకుని అదే నట్టు వదులు చేస్తే ఏమవుతుంది?

మొదటిది, పరీక్ష పరీక్షగా పనికిరాదు. పైపులన్నీ ఒకే గొట్టానికి కలిసి ఉన్నాయి. ఒక నట్టు వదులైతే గొట్టంలో ఒత్తిడే పడిపోతుంది, నాలుగు సిలిండర్లూ దెబ్బతింటాయి, ఇంజను ఆగిపోతుంది. బాగున్న సిలిండరు నట్టు విప్పినా, చెడిన సిలిండరు నట్టు విప్పినా ఫలితం ఒకటే. ఏం చేసినా ఒకే జవాబు చెప్పేది పరీక్ష కాదు కదా! జ్యోతిష్యం మీద మన అభ్యంతరం సరిగ్గా ఇదే.

రెండోది, అపాయం. ఒక పైపులో క్షణకాలం పుట్టి పోయే ఒత్తిడి కాదిది; గొట్టంలో నిల్వ ఉంది, పంపు వెనకనుంచి నింపుతూనే ఉంది. నట్టు సందులోంచి వచ్చే ధార చర్మాన్ని సూదిలా గుచ్చుకుని లోపలికి పోతుంది. పైకి చిన్న చుక్కలా కనిపిస్తుంది, మొదట్లో నొప్పి కూడా పెద్దగా ఉండకపోవచ్చు. లోపల మాత్రం డీజిల్ కండరాల పొరల వెంట పాకుతుంది. వెంటనే శస్త్రచికిత్స చేయకపోతే వేలు, ఒక్కోసారి చెయ్యి తీసేయాల్సి వస్తుంది. రీస్ 1937లో రాసిన ప్రమాదమే, అనేక రెట్ల ఒత్తిడితో. మీకు తెలిసిన మెకానిక్ ఎవరికైనా ఇలాంటి గాయమైతే 'చిన్న పోటే' అని పసుపు అద్దనివ్వకండి, వెంటనే ఆపరేషన్ చేయగల ఆసుపత్రికి తీసుకెళ్లి 'హై ప్రెషర్ డీజిల్ గుచ్చుకుంది' అని స్పష్టంగా చెప్పండి.

ఇదంతా పుస్తక జ్ఞానం కాదు. కొన్నాళ్ల కిందట నా కామన్ రైల్ డీజిల్ కారు ఒక జబ్బు పడింది. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు ఒక్క తాళానికే స్టార్టయ్యేది. రాంచీ దాకా వెళ్లి ఆగి, వేడి మీద మళ్లీ స్టార్ట్ చేయబోతే స్టార్టరు తిరుగుతూనే ఉండేది, ఇంజను అందుకునేది కాదు. ఎత్తు ఎక్కేటప్పుడు హెచ్చరిక దీపం వెలిగి బలం పడిపోయేది. ఒక షెడ్డులో కంప్యూటరు తగిలించి చూసి, 'పి 0087 వచ్చింది సార్, పంపు పోయింది' అన్నారు. ఇంకోచోట అదే కోడ్ చూసి 'నాలుగు ఇంజెక్టర్లూ మార్చాల్సిందే' అన్నారు. మూడోచోట ఒక పెద్దాయన, 'ఈ మిషన్ల మాట వదిలెయ్యండి, నట్టు ఢీలా చేసి చూస్తా' అని స్పానర్ అందుకున్నాడు. వద్దని ఆపాను. పై రెండు కారణాలూ చెప్పాను. ఆయన కోప్పడలేదు. పైపులన్నీ ఒకే గొట్టంలోకి వెళ్తున్నాయని వేలితో చూపించగానే, కాసేపు చూసి, 'అయితే దీనికి వేరే లెక్క కావాలి' అన్నాడు. కారణం చెబితే ఆచారం ఎంత సులువుగా వదులుతుందో చూడండి!

ఆ 'వేరే లెక్క' ఇద్దరం కలిసి వేశాం. పి 0087 అంటే 'ఇంధన ఒత్తిడి మరీ తక్కువ' అని మాత్రమే అర్థం. ఎందుకు తక్కువో అది చెప్పదు. ఒత్తిడి తగ్గడానికి దారులు నాలుగైదే: కొలిచే సెన్సారే అబద్ధం చెప్పడం, ట్యాంకు నుంచి పంపుకు డీజిల్ సరిగా అందకపోవడం, పంపు బలహీనపడటం, ఒత్తిడిని అదుపుచేసే వాల్వు చెడటం, పుట్టిన ఒత్తిడి ఇంజెక్టర్ల దగ్గర కారిపోవడం. తేలికైనవీ చవకైనవీ ముందు.

సాక్షిని ముందు పరీక్షించాలి కదా, అందుకని సెన్సారుతో మొదలుపెట్టాం. రాత్రంతా ఆగి ఉన్న బండిలో ఒత్తిడి సున్నా దగ్గర ఉండాలి. స్కానర్ అలాగే చూపించింది, సెన్సారు వోల్టేజీ కూడా అర వోల్టు దగ్గరే ఉంది. తర్వాత ఫిల్టరు: నీళ్లు లేవు. పంపుకు వచ్చే దారిలో పారదర్శకమైన గొట్టం ముక్క పెట్టి చూశాం: గాలి బుడగలు లేవు. అప్పుడు ఇంజెక్టర్ల రిటర్న్. ప్రతి ఇంజెక్టరూ తన వాల్వు నడపడానికి కొంచెం డీజిల్ వాడుకుని వెనక్కి పంపుతుంది. ఆ దారిలో ఒత్తిడి తక్కువ కాబట్టి ఇంజను ఆపి ఆ సన్న పైపులు తీయడంలో ప్రమాదం లేదు. (పియెజో రకం ఇంజెక్టర్లున్న కార్లలో పద్ధతి వేరు, అక్కడ కంపెనీ పుస్తకం చూడాల్సిందే.) నాలుగింటికీ నాలుగు సీసాలు తగిలించి, ఇంజను వేడెక్కాక కాసేపు నడిపాం. మూడు సీసాల్లో వేలెడు చొప్పున చేరింది. మూడో ఇంజెక్టరు సీసా నిండబోయింది.

ఇక్కడితో కథంతా అతుకుతుంది. స్టార్టరు తిప్పేటప్పుడు పంపు నెమ్మదిగా తిరుగుతుంది. చాలా కార్లలో ఒత్తిడి సుమారు 200 బార్‌కు చేరందే కంప్యూటరు ఇంజెక్షనుకు అనుమతించదు. చల్లగా ఉన్నప్పుడు డీజిల్ చిక్కగా ఉండి అరిగిన సందులోంచి తక్కువ కారుతుంది. వేడెక్కితే పలచబడి ఎక్కువ కారుతుంది, 200 చేరదు. ఎత్తు ఎక్కేటప్పుడు బాగా ఎక్కువ ఒత్తిడి కావాలి, అప్పుడూ అంతే. అయినా అక్కడితో ఆగలేదు. ఆ ఒక్క ఇంజెక్టరును ఆదిత్యపూర్‌లో టెస్ట్ బెంచి మీద పరీక్ష చేయించాం, రిటర్న్ ఎక్కువని వాళ్ల కొలతలోనూ తేలింది. దాన్ని మార్చాక మళ్లీ నాలుగు సీసాలూ తగిలించి, నాలుగూ సమానంగా ఉన్నాయని చూసుకున్నాం. 'మార్చాం, తగ్గింది' అన్నది రుజువు కాదు. తాయెత్తు కట్టాం, జ్వరం తగ్గింది అనేవాళ్లూ అదే కదా అనేది! పంపూ, మిగతా మూడు ఇంజెక్టర్లూ బాగున్నాయి. వాటికి పెట్టాల్సిన డబ్బు జేబులోనే మిగిలింది.

ఇందులో నాకు పెద్దాయన కంటే ఎక్కువ కలవరం కలిగించింది మొదటి రెండు షెడ్ల వ్యవహారం. కార్లలో తప్పులు పట్టి కోడ్ చూపించే వ్యవస్థ అమెరికాలో 1996 నుంచి అన్ని కొత్త కార్లకూ తప్పనిసరైంది, మన దేశంలో 2010, 2013 దశల్లో అమలైంది. దాన్ని కనిపెట్టినవాళ్ల ఉద్దేశం ఎక్కడ వెతకాలో సూచించడం. షెడ్డులో అది తీర్పయి కూర్చుంది. 'కంప్యూటరే చెప్పింది' అంటారు, ఒకప్పుడు 'ఉస్తాదే చెప్పాడు' అన్నట్టుగా, ఇంకొకచోట 'శాస్త్రంలోనే ఉంది' అన్నట్టుగా. ఒకే కోడ్ చూసి ఇద్దరు రెండు వేర్వేరు వస్తువులు మార్చమన్నారంటే, ఆ మాట కోడ్ చెప్పింది కాదు, వాళ్ల అలవాటు చెప్పింది. పాత ఆచారం పోయి కొత్త ఆచారం వచ్చింది, అంతే. పైగా పాత ఆచారానికి ఖర్చు లేదు, కొత్తదానికి బిల్లు ఉంది.

ఏటా సెప్టెంబర్ 17 ప్రాంతంలో ఈ ఊరంతా విశ్వకర్మ పూజ చేస్తుంది. స్పానర్లకు బొట్లు పెడతారు, యంత్రాలకు దండలు వేస్తారు. మన మిత్రులు కొందరు దాన్ని చూపించి 'చూశారా, పారిశ్రామిక నగరంలో కూడా మూఢత్వం!' అంటుంటారు. నేను ఆ రోజు షెడ్డుకు వెళ్తే బూందీ తిని వస్తాను. ఎందుకంటే ఆ పూజ వల్ల ఎవరి పంపూ అనవసరంగా మారదు. స్పానర్‌కు బొట్టు పెట్టిన చెయ్యే మర్నాడు సీసాలు తగిలించి కొలిస్తే, ఆ చేతితో నాకు తగాదా లేదు. బొట్టు పెట్టకుండా, నవీనంగా, ట్యాబ్లెట్ పట్టుకుని, ఏమీ కొలవకుండా తీర్పు చెప్పే చెయ్యితోనే నాకు తగాదా.

మనం ఆచారాలను రెండు గంపల్లో వేయడానికి అలవాటుపడ్డాం: మతానికి చెందినవి తప్పు, సాంకేతికమైనవి ఒప్పు. నట్టు కథ ఈ విభజనకు లొంగదు. 1954 లారీకి ఆ పరీక్ష విజ్ఞానం, నేటి కారుకు అదే పరీక్ష మూఢత్వం. చెయ్యి అదే, స్పానర్ అదే, నట్టు కూడా దాదాపు అదే. మారింది లోపలి ఏర్పాటు. కాబట్టి ఏ పద్ధతినైనా అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఇది ఏ పరిస్థితుల్లో నిజమైంది? ఆ పరిస్థితులు ఇప్పటికీ ఉన్నాయా? ఇది తప్పయితే ఆ సంగతి నాకెలా తెలుస్తుంది? మూడోదానికి జవాబు లేని పద్ధతి గుడిలో ఉన్నా, గ్యారేజీలో ఉన్నా, మన సంఘం సమావేశాల్లోనే ఉన్నా ఒకటే.

ఈసారి మీ బండికి 'ప్రెషర్ లేదు, పంపు పోయింది' అని ఎవరైనా అంటే వాదన పెట్టుకోకండి. కోడ్ కాదు, కొలతలు చూపించమనండి: ఎంత అడిగింది, ఎంత వచ్చింది, ఏ ఇంజెక్టరు ఎంత వెనక్కి పంపింది. చూపించగలిగితే అతను మంచి మెకానిక్, డబ్బులిచ్చి దండం పెట్టి రండి. చూపించలేకపోతే బండి తాళం వెనక్కి తీసుకోండి.